మిగిలిన టర్పెంటాయిల్‌ను నీళ్ల సీసాలో పోసి దాచవచ్చా?

ఇంటికి రంగులు వేసేటప్పుడు రంగు పల్చన చేయడానికి తెచ్చిన టర్పెంటాయిల్ అర లీటరు మిగిలిందని, సీసాలో పోసి వంటింటి అటక మీద పెట్టవచ్చా అని అడిగారు. వంటింట్లో వద్దు, నీళ్ల సీసాలో అసలే వద్దు. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు రంగులు వేసే షెడ్డులో పద్దెనిమిదేళ్లు పనిచేశాను.

ఒక మే నెల మధ్యాహ్నం, పనిలో చేరి వారం కూడా కాని కుర్రవాడు దాహమేసి చేతికందిన సీసా ఎత్తాడు. అందులో ఉన్నది టర్పెంటాయిల్. చూడటానికి నీళ్లే. ఒక్క గుక్క దిగిందో లేదో, దగ్గుతూ కూలబడ్డాడు. ఎవరో ఉప్పునీళ్లు కలిపి తెస్తే మా పెద్ద మేస్త్రి ఆ గ్లాసు లాగి పారేశాడు. "కక్కించకండి! ఆస్పత్రికి పదండి!" అని అరిచాడు. ఆ అరుపే వాడిని కాపాడిందని ఈ రోజుకీ నమ్ముతాను. పల్చటి నూనె కదా, వాంతి అయ్యేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుందని డాక్టరుగారు కూడా అదే చెప్పారు. మింగేటప్పుడు జారినదానికే వాడు నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు.

నా కోపమంతా డబ్బాలోంచి కొలిచి, తాగి పారేసిన నీళ్ల సీసాల్లో పోసి అమ్మే దుకాణాల మీద. మూత మీద ఒక్క అక్షరం ఉండదు. పేరు కూడా అరువు పేరే. అసలు టర్పెంటైన్ పైన్ చెట్ల జిగురు నుంచి తీస్తారు, మనకు ఇచ్చేది ముడిచమురు నుంచి వచ్చిన సరుకు. పనికి మాత్రం వంక పెట్టను. ఎనామిల్ రంగును పల్చన చేయడానికి, కుంచెలు కడగడానికి అది మంచిదే. నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి కుంచె గీతలు సర్దుకుంటాయి. చేతులు మాత్రం దానితో కడుక్కోవద్దు, చర్మంలోని జిడ్డంతా లాగేసి పగుళ్లు తెస్తుంది.

ఇక అటక సంగతి. సుమారు 40 డిగ్రీల వేడికి దాని ఆవిరి నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. మన ఊళ్లో మే నెలలో నీడలోనే అంత వేడి ఉంటుంది. పైగా ఆ ఆవిరి గాలికంటే బరువు. మూత వదులైతే అటక మీది నుంచి కిందికి, మీ పొయ్యి వైపుకే దిగుతుంది.

ఆ అర లీటరు రంగులు వేసినవారికే ఇచ్చేయండి. ఉంచుకోక తప్పకపోతే, వచ్చిన డబ్బాలోనే మూత బిగించి, పిల్లలకు అందకుండా, ఎండ తగలని గాలి ఆడే చోట పెట్టండి. డ్రైనేజీలో పోయకండి, అది చివరికి మన కాలువల్లోకే చేరుతుంది.