కుండతో వెళితే నవ్వుతారని బెంగపడుతున్న తండ్రికి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. చిన్న కిరాణా దుకాణం నడుపుకుంటున్నాను. మా అమ్మాయి ఒడియా మాధ్యమంలో ఎనిమిదో తరగతి చదువుతోంది. వచ్చే నెలలో వాళ్ళ బడిలో విజ్ఞాన ప్రదర్శన జరుగుతుంది. బాగుంటే పై స్థాయికి పంపుతారట. ఎదురుగా ఏదైనా అడ్డొస్తే మోగి అంధులకు దారి చూపే చేతికర్ర నమూనాను పూర్తిగా అమర్చి 4,500 రూపాయలకు ఇస్తామని బరంపురంలో ఒక దుకాణంవారు అన్నారు. మా అమ్మాయి మాత్రం మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో చూపిస్తానని పట్టు పట్టింది. కుండ పట్టుకుని వెళితే అందరూ నవ్వరా? రెండింటిలో ఏది మేలు? పైగా ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో ఒడియా. వచ్చినవాళ్ళు ఇంగ్లీషులో అడిగితే నోరు విప్పగలదో లేదో. రోబోటిక్స్ శిక్షణలో చేర్పించమని కూడా కొందరు చెబుతున్నారు. ఇక్కడే రాణించకపోతే ప్లస్ టూలో సైన్స్ ఇప్పించే ఆలోచన మానుకోవాలా?

జవాబు: అయ్యా, ప్రదర్శనల కాలం వచ్చిందంటే ఈ ఉత్తరం నాకు ఏదో ఒక ఊరినుంచి తప్పక వస్తుంది. ఒక ఏడు పర్లాకిమిడి, ఒక ఏడు జయపురం; ఒకరికి కర్ర, మరొకరికి దానంతట అదే మూత తెరుచుకునే చెత్తబుట్ట. అడిగేది నమూనా గురించే అయినా, మనసులో ఉన్నది వేరు. పదిమందిలో పిల్ల చిన్నబోతుందేమో, దాంతో ఆమెకు సైన్స్ అబ్బదని తేలిపోతుందేమో అన్నది మీ భయం. అందుచేత మీరు చివర అడిగినదానికే మొదట జవాబు చెబుతాను.

మానుకోనక్కర లేదు. బడి ప్రదర్శనలో బహుమతికీ, ప్లస్ టూలో సైన్స్ చదవగలగడానికీ ముడి లేదు. మన రాష్ట్రంలో ప్లస్ టూ ప్రవేశాలు ‘సామ్స్’ అనే ఆన్‌లైన్ విధానంలో, ప్రధానంగా మెట్రిక్ (పదో తరగతి) మార్కులను బట్టే జరుగుతాయి. ఆ తరువాత వచ్చే జేఈఈలోగాని నీట్‌లోగాని ప్రదర్శన పత్రానికి ఒక్క మార్కు కూడా కలపరు. మీ అమ్మాయికి ఇంకా మెట్రిక్ దాకా రెండేళ్ళకు పైగా వ్యవధి ఉంది. ఒక మధ్యాహ్నం బల్ల దగ్గర నిలబడి ఎలా మాట్లాడిందన్నదాన్ని బట్టి పదమూడేళ్ళ పిల్ల జాతకం రాసేయకండి.

ఇక ఆ కర్ర సంగతి. నేను కొన్నేళ్ళుగా ఇలాంటి ప్రదర్శనలకు పరీక్షకుడిగా వెళుతున్నాను. ఒకసారి ఒకే వరసలో మూడు బల్లల మీద మూడు చేతికర్రలు కనిపించాయి. మూడింటికీ ఒకే రంగు తీగలు, ఒకే జిగురు మరకలు, అట్ట మీద ఒకే అచ్చుతప్పు. మొదటి బల్ల దగ్గరున్న అబ్బాయిని, “కర్రకు ఎదురుగా గోడకు బదులు దుప్పటి వేలాడదీస్తే మోగుతుందా?” అని అడిగాను. ఆ పిల్లవాడు నావైపు చూడలేదు, తలుపు దగ్గర నిలబడి ఉన్న తండ్రి వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ పిల్లవాడు చేసిన తప్పేమీ లేదు. తనది కాని పనిని తనదిగా చెప్పుకోమని వాడిని అక్కడ నిలబెట్టినవారిదే తప్పు. మీరు కూడా 4,500 పోసి మీ అమ్మాయిని అక్కడే నిలబెట్టబోతున్నారు. మాట కటువుగా ఉంటే మన్నించండి, కాని మెత్తగా చెబితే మీరు రేపు సాయంత్రానికే బరంపురం బస్సెక్కుతారని నాకు తెలుసు.

నేను ఎలక్ట్రానిక్స్‌కు వ్యతిరేకిని కాను. ఆ కర్రలోనూ సైన్స్ ఉంది, అయితే దుకాణంవాడు దాన్ని పెట్టెలో పెట్టి ఇవ్వడు. కర్రకు తగిలించే సెన్సర్ మన చెవికి వినిపించని ధ్వనిని పంపి, అది తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరాన్ని లెక్క కడుతుంది. గట్టి గోడ ధ్వనిని వెనక్కు పంపుతుంది, మెత్తని దుప్పటి చాలావరకు మింగేస్తుంది, ఏటవాలుగా ఉన్న పలక పక్కకు మళ్ళిస్తుంది. పైగా ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు. వేడి ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ అది 0.6 మీటర్ల చొప్పున పెరుగుతుంది. చలికాలం తెల్లవారుజామున 15 డిగ్రీలు, వేసవి మధ్యాహ్నం 40 డిగ్రీలు అనుకుంటే వేగంలో నూటికి నాలుగు వంతులకు పైగా తేడా వస్తుంది. అమ్మే నమూనాల ప్రోగ్రాములో సాధారణంగా ఒకే స్థిరమైన అంకె రాసి ఉంటుంది. ఏ పిల్లయినా కూర్చుని, ఏ ఉపరితలానికి ఎంత దూరంలో ఆ కర్ర తప్పు చెబుతోందో పట్టిక వేసుకుని వస్తే, నేను లేచి నిలబడి చదువుతాను. అలాంటి పట్టిక ఇంతవరకు నా కంటపడలేదు.

రోబోటిక్స్ శిక్షణ విషయంలో నాకు ఇంకా పెద్ద అనుమానాలు ఉన్నాయి, అందులో కొంత నా పశ్చాత్తాపం కూడా ఉంది. నాలుగేళ్ళ క్రితం ఒక కుటుంబానికి నేనే ఆ శిక్షణ మంచిదని చెప్పాను. రాబోయే కాలమంతా యంత్రాలదేనని నలుగురూ అంటుంటే నేనూ అన్నాను. వారు తాహతుకు మించి రుసుము కట్టారు. పదిహేను ఆదివారాలు గడిచాక ఆ పిల్లవాడు మా ఇంటికి వచ్చి తాను చేసిన బండిని గచ్చు మీద నడిపించాడు. చాలా బాగా నడిచింది. ఒక తీగ ఊడదీసి, ఇప్పుడెందుకు ఆగిందో చెప్పమంటే, “సార్ వచ్చాక అడగాలి” అన్నాడు. పుస్తకంలోని బొమ్మ చూసి తీగలు కలపడం, ప్రోగ్రాము కోసం తెరమీది రంగు దిమ్మలను వరసగా పేర్చడం అతనికి వచ్చాయి. ఓమ్ నియమం తెలియదు, భిన్నాల లెక్క కూడా తడబడుతోంది. అందరు శిక్షకులూ ఇంతే అని నేను అనను. కాని ఎనిమిదో తరగతిలో గణితానికి ఇవ్వవలసిన ఆదివారాలను ఇలా ఖర్చు పెట్టడం దండగని ఇప్పుడు నమ్ముతున్నాను. ఆ రోజు నా సలహా తప్పని ఆ కుటుంబానికి వెళ్ళి చెప్పాను. అమ్మాయికి నిజంగా ఆ పనులమీద మక్కువ ఉంటే, కేంద్రం 2016లో మొదలుపెట్టిన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం బడులలో టింకరింగ్ ల్యాబులు, అంటే పిల్లలు తమ చేతులతో పరికరాలు చేసి చూసే గదులు, పెట్టారు. దగ్గరలో ఏ బడికైనా అది వచ్చిందేమో విచారించి, ప్రధానోపాధ్యాయుడిని అడిగి చూడండి. ఆమెకు మక్కువ లేకుండా మీకు మాత్రమే ఉంటే, దయచేసి మానుకోండి.

కుండను చూసి నవ్వుతారని అన్నారు. కుండను ఊరికే బల్లమీద పెట్టి, “ఆవిరి కావడం వల్ల నీరు చల్లబడును” అని అట్టమీద రాస్తే నవ్వకపోవచ్చుగాని, ఆగకుండా ముందుకు వెళ్ళిపోతారు. అది పాఠ్యపుస్తకంలో ఉన్నదే. పాఠానికి ఒక ప్రశ్న తోడైతేనే అది ప్రాజెక్టు అవుతుంది. అలాంటి ప్రశ్న మీ ఇంట్లోనే ఉంటుంది. పాతబడిన కుండ నీళ్ళు చల్లగా ఉండవని పెద్దవాళ్ళు అంటారు కదా! అది నిజమేనా, నిజమైతే ఎంత తేడా, ఎందువల్ల అన్నది మీ అమ్మాయి తేల్చవచ్చు.

దీనికి ఒకే సైజువి కొత్త కుండలు రెండు, రెండు మూడు వేసవులు వాడిన కుండ ఒకటి, అంతే పరిమాణంలో స్టీలు బిందె ఒకటి కావాలి. కొత్త కుండలలో ఒకదానికి బయట రంగు పూసి ఆరనివ్వాలి. మట్టి అదే, నీరు చెమర్చి ఆవిరయ్యే సన్నని రంధ్రాలు మాత్రం మూసుకుపోతాయి. మట్టికుండలు మూడింటినీ ముందురోజు నీళ్ళతో నానబెట్టాలి, లేకపోతే మొదటి రోజు నీళ్ళు కుండే తాగేస్తుంది. అన్నింటిలో నాలుగేసి లీటర్లు పోసి, ఒకే అరుగుమీద నీడలో, ఒకదాని గాలి ఒకదానికి అడ్డురాకుండా ఎడంగా పెట్టి, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు వరకు రెండు గంటలకు ఒకసారి నీటి ఉష్ణోగ్రతనూ, పాత్ర బరువునూ రాసుకోవాలి. ఒక్క రోజు చేసి ఊరుకుంటే కుదరదు, కనీసం అయిదు రోజులు చేయాలి; బడి రోజులలో మధ్యాహ్నపు కొలతలు ఇంట్లో ఎవరైనా తీస్తే, ఎవరు తీశారో అక్కడే రాయాలి.

మీ దుకాణం ఉపయోగపడేది ఇక్కడే. అయిదు గ్రాముల తేడా చూపించే ఎలక్ట్రానిక్ తూకం మీ గల్లాపెట్టె పక్కనే ఉంటుంది కదా. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి మన ఎండల్లో సుమారు 580 కేలరీల వేడి కావాలి. కుండ 60 గ్రాముల బరువు తగ్గిందనుకుందాము. 60ని 580తో హెచ్చిస్తే 34,800 కేలరీలు; ఒక గ్రాము నీరు ఒక డిగ్రీ చల్లబడితే పోయే వేడి ఒక కేలరీ కనుక, దాన్ని నాలుగు వేల గ్రాముల నీటికి పంచితే 8.7 డిగ్రీలు చల్లబడాలి. థర్మామీటరు అంత చూపించదు. అయిదో, నాలుగో చూపించవచ్చు. మిగిలినది ఎక్కడికి పోయింది? చుట్టూ ఉన్న గాలి నుంచీ, అరుగు నుంచీ వేడి తిరిగి కుండలోకి వచ్చింది. లెక్కకూ కొలతకూ మధ్య ఉన్న ఈ తేడాను తన నోటితో వివరించగలిగిన పిల్లను చూసి ఎవరూ నవ్వరు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. కుండ అడుగున చెమ్మ కారి బొట్లుగా పడితే అది కూడా బరువులో తగ్గుతుంది, కాని ఆవిరి కాలేదు. అందుకని ప్రతి పాత్ర కింద ఒక పళ్ళెం పెట్టి, పళ్ళెంతో సహా తూచాలి. రోజుకు ఒకసారి ఇంకొక థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి విసనకర్రతో విసిరి చూడాలి. అది చూపే అంకెకంటే కిందకు కుండలో నీరు ఎంతకూ దిగదు. వాన ముసురు పట్టిన రోజున గాలిలో తేమ నిండి ఉంటుంది కనుక ఆ అంకె మామూలు గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది, కుండ ఆ రోజు పెద్దగా పనిచేయదు. అలాంటి రోజు ఒకటి మధ్యలో వస్తే ప్రయోగం చెడిపోయిందని వదిలేస్తారేమో, అసలు అదే మంచి ఫలితం. పాత కుండ నిజంగానే వెనకబడితే, నీటిలోని లవణాలు రంధ్రాలలో పేరుకున్నాయేమో అని ఊహించవచ్చు. రంగు పూసిన కుండ అంకెలు ఆ ఊహకు బలమిస్తాయి. వెనకబడకపోతే, పెద్దవాళ్ళ మాట మా ఇంట్లో నిలబడలేదని రాయాలి. ఫలితం మనం అనుకున్నట్టు రాలేదని మార్కులు తగ్గించే పరీక్షకుడు పరీక్షకుడే కాడు.

అంకెలన్నీ ఒక నోటు పుస్తకంలో తేదీ, సమయంతో అప్పటికప్పుడు రాయాలి. తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన సరైనది రాయాలి, చెరపకూడదు. అందంగా తిరగరాసిన పుస్తకం వద్దు. నూనె మరక, కొట్టివేతలు ఉన్న పుస్తకాన్నే నేను నమ్ముతాను. దుకాణం లెక్కల చిట్టాను మీరు ఎలా నమ్ముతారో, ఇదీ అలాగే.

భాష గురించి మీరు అంత బెంగ పడడం నాకు వింతగా ఉంది. పొద్దున సంతకు దిగిన సవరలతో వాళ్ళ మాటలో నాలుగు ముక్కలు, బడిపంతులుతో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ బేరం ఎన్నడూ చెడగొట్టుకోని మీరు, మీ కూతురికి మూడు భాషలు భారమని ఎందుకనుకుంటున్నారు? పాఠం ఒడియాలో నేర్చుకుంది కాబట్టి ఒడియాలోనే చెప్పమనండి. మన బాష్పీభవనమే అక్కడ బాష్పీభవన. ఉష్ణోగ్రతను తాపమాత్ర అంటారు. మాటలు అంత దూరమేమీ కావు. ఇంట్లో నాయనమ్మకు తెలుగులో చెప్పి చూడాలి. ఆవిడకు అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుంది, పైగా ఆవిడ అడిగే ప్రశ్నలు పరీక్షకులు అడిగేవాటికంటే గట్టిగా ఉంటాయి. ఇంగ్లీషులో అడిగితే, “ఒడియాలో చెప్పవచ్చునా?” అని అడగడానికి ఒక్క ఇంగ్లీషు వాక్యం నేర్పితే చాలు, కాదనే మనిషిని నేను చూడలేదు.

మూడు నిమిషాలకు మించకుండా చెప్పాలి. ప్రశ్నతో మొదలుపెట్టాలి, “నా ప్రాజెక్టు పేరు” అని కాదు. తరువాత గ్రాఫు మీద వేలు పెట్టి నాలుగు గీతలనూ చూపాలి, ఆపైన 8.7 లెక్క, చివర తాను కొలవలేకపోయినది ఏమిటో చెప్పాలి. తెలియనిది అడిగితే, “నాకు తెలియదు, కాని ఇలా కొలిస్తే తెలుస్తుందనుకుంటున్నాను” అనడం నేర్పండి. అట్టమీద మెరుపు కాగితాలు, దీపాలు అక్కర లేదు. ప్రదర్శన రోజున మీరు వెళ్ళండి, కాని బల్లకు ఆమడ దూరంలో ఉండండి, సైగలు చేయకండి.

పై పోటీల సంగతి కూడా టూకీగా చెబుతాను. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 10 నుంచి 17 ఏళ్ళ పిల్లల కోసం. స్థానిక సమస్య మీద పిల్లలే చేసిన పరిశోధనకు అక్కడ విలువ ఉంటుంది, భారతీయ భాషలలో చెప్పడానికి అభ్యంతరం లేదు. కేంద్ర ప్రభుత్వపు ఇన్‌స్పైర్ మానక్ పథకంలో బడి ద్వారా ఆన్‌లైన్‌లో ఆలోచనను పంపితే, ఎంపికైన విద్యార్థి ఖాతాకు 10,000 రూపాయలు వస్తాయి. అక్కడ చూసేది ఆలోచనలోని కొత్తదనాన్ని. కొన్న కర్ర అక్కడ అసలు నిలవదు. ఈ రెండూ ఈ ఏడే కావాలని తొందర పడకండి.

కర్రా, కుండా అని తూచి చెప్పమని మీరు అడిగారు. నేను తూచిందల్లా మీ బెంగనే అయింది. సరే, తూకం ఇదీ: కర్రకు 4,500, కుండలకూ రంగుకూ థర్మామీటర్లకూ కలిపి అందులో చిన్న భాగం, కర్రతో పని ఒక్క రోజు, కుండతో రెండు వారాలు, కర్ర దగ్గర మాట్లాడవలసింది దుకాణంవాడు, కుండ దగ్గర మీ అమ్మాయి.

థర్మామీటరు కొనేటప్పుడు జ్వరం చూసేది తేకండి, అది 35 నుంచి 42 డిగ్రీల వరకే చూపిస్తుంది, కుండనీళ్ళు అంతకంటే చాలా కింద ఉంటాయి. ప్రయోగశాలలో వాడేది, పాదరసం కాక ఎర్ర ఆల్కహాలు ఉన్నది అడగండి. మూడు తీసుకోండి, కుండకు ఒకటి, తడిగుడ్డకు ఒకటి, పగలడానికి ఒకటి.