ఖాళీ చేసిన బైక్ పెట్రోల్ ట్యాంకుకు వెల్డింగ్ చేయవచ్చా?

పెట్రోలు వంపేసినంత మాత్రాన పాత ట్యాంకుకు వెల్డింగ్ చేయకూడదు; లోపలి ఆవిరిని పూర్తిగా పోగొట్టి, ఖాళీని నీటితోనో మంటకు తోడ్పడని ఆర్గాన్ వంటి జడవాయువుతోనో నింపిన తర్వాతే ఆ పనికి పూనుకోవాలి.

మండేది ద్రవరూపంలోని పెట్రోలు కాదు, గాలితో కలిసిన దాని ఆవిరి. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే, ఒక్క నిప్పురవ్వకే ట్యాంకు పేలిపోగలదు. పైగా అది గాలికన్నా బరువైనది కనుక మూత తీసి ఉంచినా అడుగునే నిలిచిపోతుంది.

ఉదాహరణకు, అడుగు అతుకు దగ్గర చిల్లు పడిందనుకుందాం. రేకు మడతలోనూ తుప్పు పొరల్లోనూ ఇంకిన పెట్రోలు కంటికి కనిపించదు, వాసన కూడా తెలియకపోవచ్చు, కానీ వెల్డింగ్ టార్చి వేడి తగలగానే ఆవిరై బయటికి వస్తుంది. అందువల్ల డిటర్జెంట్ కలిపిన వేడినీటితో పలుమార్లు కడిగి, చిల్లు పైకి వచ్చేలా ట్యాంకును తిప్పి, చిల్లుకు కొద్దిగా కిందివరకు నీరు నింపి, వేడికి పుట్టే ఆవిరి పోయేందుకు పైభాగంలో దారి ఉంచి, అనుభవమున్న వెల్డరు చేతనే చేయించాలి. సూదిమొన అంత చిల్లయితే మంటతో పనిలేని, పెట్రోలుకు తట్టుకునే ఎపాక్సీ జిగురే మేలు.

నిండు ట్యాంకే ప్రమాదకరమని, ఖాళీది క్షేమమని చాలామంది నమ్ముతారు. నిజానికి రెండింటికీ నిప్పు తగలకూడదు. అయితే ఖాళీ ట్యాంకులో గాలి చేరడం వల్ల పేలుడు మిశ్రమం తయారయ్యే అవకాశం ఎక్కువ.