పెద్ద కల ఉన్నా మధ్యలో ఆగిపోవడం గురించి: మా ఇంటి ఆసు ముచ్చట

"పెద్ద కలలు ఉన్నవాళ్లు కూడా మధ్యలోనే ఎందుకు ఆగిపోతారు? క్రమశిక్షణకు నిజంగా అంత విలువ ఉందా?" అని అడిగారు. ఉంది. కల కంటే దానికే విలువ ఎక్కువని నా గట్టి నమ్మకం.

మాది పోచంపల్లి వైపు నేత కుటుంబం. మగ్గం నాయినది, ఆసు అమ్మది. ఆసు అంటే రంగులు అద్దేముందు చీర దారాన్ని లెక్క ప్రకారం మేకుల చుట్టూ చుట్టే పని. ఒక్క చీరకు ఆసు పోయాలంటే ఈ కొన మేకు నుంచి ఆ వరుస మేకుల దాకా చెయ్యి 9 వేల సార్లు తిరగాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలైతే 18 వేల సార్లు. రాత్రి అమ్మ భుజానికి వేడినీళ్ల కాపడం పెట్టడం నా పని.

నేను ఇంటర్‌లో ఉండగా ఒకసారి అమ్మకు జ్వరం వచ్చింది. చీర తొందరగా ఇవ్వాలి. నేను పోస్తానని కూర్చున్నా. రేడియోలో క్రికెట్ కామెంట్రీ వస్తోంది. ఒక చెవి అటు పెట్టి, లెక్క నోట్లో గొణుక్కుంటూ పోశా. ఎక్కడో ఒక మేకుకు పడాల్సిన చుట్లు పక్క మేకుకు పడ్డాయి. అప్పుడు ఏమీ కనిపించలేదు. రంగు అంటకూడని చోట రబ్బరుతో కట్టారు, రంగులు అద్దారు, ఆరబెట్టారు. మగ్గం మీద పేక, అంటే అడ్డ దారం, నేస్తుంటే బయటపడింది. పువ్వు అంచులు ఒకదానితో ఒకటి కలవడం లేదు. నాయిన అడ్డ దారాన్ని అటూ ఇటూ నడిపే నాడె ఆపి, బట్ట మీద వేలు పెట్టి చూపించాడు. "లెక్క తప్పింది బిడ్డా." అంతే, ఇంకో మాట అనలేదు. ఆ చీర సగం ధరకు పోయింది. నాకు ఆ వేలు ఇప్పటికీ కనిపిస్తుంది.

అమ్మ రోజూ చేసే పనిలో ఎంత నిష్ఠ ఉందో అప్పుడే తెలిసింది.

ఆసు యంత్రం వస్తే బాగుండునని మా వాడలో అనుకోని ఇల్లు లేదు. కానీ ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం ఒక్కరే దాన్ని తయారు చేయడానికి కూర్చున్నారు. చదివింది ఆరో తరగతి. తల్లి భుజం నొప్పి చూడలేక 1992లో మొదలుపెడితే యంత్రం తయారయ్యేసరికి 1999. ఏడేళ్లు! తల్లి పేరు మీదే దానికి లక్ష్మి ఆసు యంత్రం అని పేరు పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అందరూ ఆ పద్మశ్రీ గురించే మాట్లాడతారు. డబ్బు దొరికినప్పుడల్లా ఒక్కో భాగం చేయించుకుంటూ గడిపిన ఆ ఏడేళ్ల గురించి ఎవరూ అడగరు. నాకు కోపం వచ్చేది అక్కడే. నిమిషం వీడియోలో "కల కనండి, విజయం మీదే" అని చెప్పేవాళ్లు ఒక్క రోజు ఆసు దగ్గర కూర్చుంటే తెలుస్తుంది.

    

ఇప్పుడు మా ఇంట్లోనూ యంత్రమే. గంటన్నరలో చీరకు ఆసు అయిపోతుంది. అమ్మకు భుజం నొప్పి తగ్గింది. అయినా అది తిరుగుతున్నంతసేపు పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది, మేకుల మీద నుంచి చూపు తిప్పదు. రేడియో పెట్టనివ్వదు.