జూడో నేర్చుకోబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి బుజ్జికి పెద్దనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

హైదరాబాదులో డిగ్రీ చదువుతూనే జూడో కూడా నేర్చుకోవాలని నువ్వు నిశ్చయించుకున్నట్టు మీ నాన్న ఫోనులో చెప్పాడు. "అన్నయ్యా, నీ మాటైతే వింటుంది, ఎలాగైనా మాన్పించు" అని కూడా అన్నాడు. మాన్పించను తల్లీ. మన ఇంట్లో ఈ విద్య నాతోనే ఆగిపోతుందనుకుంటున్న నాకు ఆ కబురు ఎంత సంతోషం కలిగించిందో మాటల్లో చెప్పలేను. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం సంతోషం ఒక్కటే కాదు. ఆ నగరంలో వీధి వీధికీ మార్షల్ ఆర్ట్స్ బోర్డు కనిపిస్తుంది. వాటిలో ఏ తలుపు తడతావో, ఎవరి చేతుల్లో పడతావో అన్న దిగులు కూడా అందులో ఉంది.

తేలికైన సంగతులు ముందుగా చెప్పేస్తాను. హాస్టలుకు దగ్గరలో ఉన్న చోటు చూసుకో. రెండు బస్సులు మారి వెళ్ళాల్సిన చోటు ఎంత మంచిదైనా పరీక్షల నెలలో మానేస్తావు. ఫీజు నెలనెలా కట్టు, ఏడాదిది ఒకేసారి కట్టమంటే ఒప్పుకోకు. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకో, సాధన అయిన వెంటనే స్నానం చెయ్యి. మ్యాట్లు రోజూ తుడవని చోట తామర ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. జూడోగి, అంటే జూడో సాధనకు వేసుకునే దుస్తులు, నూలుబట్ట, ఉతికితే కుదించుకుపోతుంది, కాబట్టి కాస్త పెద్ద సైజు తీసుకో.

గురువును ఎంచుకునే దగ్గర మాత్రం తొందరపడకు. పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా చేసినవారైతే అడగగానే కాగితం చూపిస్తారు, అడిగినందుకు నొచ్చుకోరు. అయితే ఆ కాగితం ఉన్నవారిలోనూ పిల్లల మీద శ్రద్ధ లేనివారిని చూశాను, లేనివారిలోనూ చేతులెత్తి నమస్కరించదగినవారిని చూశాను. ఏడాదిలో బ్లాక్ బెల్టు ఇప్పిస్తామని చెప్పే చోట నుంచి మాత్రం వెంటనే వచ్చెయ్యి. గోడల మీది కప్పులూ, ఏసీ హాలూ నీకు విద్య నేర్పవు. జూడోను రూపొందించిన కానో జిగోరో 1882లో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో కోడోకాన్ అనే తన శిక్షణాలయం మొదలుపెట్టినప్పుడు ఆయనకు ఉన్నది పన్నెండు చాపల జాగా, ఆ ఏడాది చేరింది తొమ్మిదిమంది శిష్యులు. ప్రపంచమంతా నేర్చుకుంటున్న జూడో అక్కడ పుట్టిందే.

చేరే ముందు కొన్ని రోజులు పక్కన కూర్చుని చూడనివ్వమని అడుగు. కూర్చున్నాక, బాగా విసిరేవాళ్ళ మీద కాకుండా పడేవాళ్ళ మీద కన్ను వెయ్యి. కొత్తగా చేరినవాళ్ళకు ఉకెమి, అంటే పడే పద్ధతి, ఎన్నాళ్ళు నేర్పిస్తున్నారో గమనించు. గడ్డం ఛాతీకి ఆనించి, చూపు బెల్టు ముడి మీద నిలిపి, వీపు నేలను తాకే క్షణంలోనే అరచేతి నుంచి మోచేతి దాకా చెయ్యి చాచి మ్యాట్‌ను గట్టిగా చరచాలి. ఆ చప్పుడూ వీపు తాకిన చప్పుడూ ఒక్కటిగా వినిపించాలి. అలా వినిపించేదాకా రండోరిలోకి, అంటే ఎదురుబొదురు పోరులోకి, ఎవరినీ దింపని గురువు దొరికితే నువ్వు అదృష్టవంతురాలివి. మా తాతల కాలంలో మన విజయనగరం ప్రాంతపు సాముగరిడీలలో కూడా గోదా మట్టిని తవ్వి గుల్ల చేసిన తరువాతే కుస్తీ మొదలుపెట్టేవారట. పడ్డవాడి ఒళ్ళు కాచుకోవడం విద్యలో మొదటి భాగమని ఆ పెద్దలకు బాగా తెలుసు.

ఇక్కడ నీకు మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియని ఒక సంగతి చెప్పాలి. యువకుడిగా నేను శిక్షణ పొందిన చోట నాకొక జోడీ ఉండేవాడు. ఇద్దరిదీ ఒకే బరువు, ఒకే గది, సాయంత్రం ఒకే కంచంలో వేరుశెనగలు. రాష్ట్ర జట్టు ఎంపిక దగ్గర పడిన రోజుల్లో, తనకంటే చాలా బరువున్న ఒక సీనియర్ అతన్ని ఓసోతో గారితో పడవేశాడు. కాలు వెనక నుంచి కోసినట్టు లాగి, మనిషిని వెల్లకిలా పడేసే పట్టు అది. మావాడు అలసిపోయి ఉన్నాడు, గడ్డం ఛాతీకి ఆనలేదు, తల వెనక్కి ఊగి మ్యాట్‌కు కొట్టుకుంది. లేచి కూర్చుని నవ్వాడు. అందరూ నవ్వారు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు, తల బరువుగా ఉందని మాత్రలు వేసుకున్నాడు. మరునాడు శిక్షకుడికి చెబితే, తలనొప్పికి మ్యాట్ దిగేవాడికి పతకం ఎలా వస్తుందని అడిగాడు. జట్టులో చోటు పోతుందన్న భయంతో మావాడు కూడా ఇక ఆ మాట ఎత్తలేదు. తలకు దెబ్బ తగిలినవాణ్ణి ఆపాలన్న నియమం అక్కడ గోడ మీదా లేదు, ఎవరి నోటా లేదు. నొప్పిని ఓర్చుకోవడమే నిష్ఠ అని అక్కడివారంతా నమ్మారు.

రెండు రోజుల తరువాత మరొకసారి పడ్డాడు. పెద్ద దెబ్బేమీ కాదు, చిన్నపిల్లలు కూడా లేచి పరుగెత్తే పాటి పడటం. లేచి నిలబడి, వదులైన బెల్టును మళ్ళీ కట్టుకోబోయాడు. రెండు కొసలూ చుట్టి ముందుకు తెచ్చాడు కాని, ముడి దగ్గర కుడిచేతి వేళ్ళు ఆగిపోయాయి. ఆ వేళ్ళ వంక తనే వింతగా చూసుకున్నాడు. ఏదో చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది, అక్కడే కూలిపోయాడు. పుర్రె లోపల రక్తం చేరి మెదడును నొక్కుతోందని డాక్టర్లు తేల్చి ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది. ఇప్పటికీ ఆ చేతిలో కలం నిలవదు, ఒక్కొక్క మాటనూ వెతుక్కుని మాట్లాడతాడు. నేను వెళ్ళినప్పుడల్లా, ఎవరు ఎవరిని గెలిచారో చెప్పమని అడిగి శ్రద్ధగా వింటాడు.

ఇది ఒక్క మావాడి దురదృష్టం అనుకోకు. జూడో పుట్టిన జపానులోనే 1983 నుంచి 2011 వరకు బడులలో జూడో చేస్తూ వంద మందికి పైగా పిల్లలు చనిపోయారు. వారిలో ఎక్కువ మందిని బలిగొన్నది తల దెబ్బే, అందులోనూ కొత్తగా చేరిన మొదటి ఏడాది పిల్లలే ఎక్కువ. తల నేలకు తగలకపోయినా, వేగంగా ఊగి ఒక్కసారిగా ఆగినప్పుడు మెదడు పైనుండే సన్నని రక్తనాళాలు తెగవచ్చు. మ్యాట్ మెత్తగా ఉంది కదా అన్న ధీమా అందుకే పనికిరాదు. పడ్డాక తలనొప్పి, వాంతి, మగత, వెలుతురు చూడలేకపోవడం, ఇప్పుడే జరిగినది గుర్తురాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ నిమిషమే మ్యాట్ దిగు, డాక్టరు దగ్గరికి వెళ్ళు. డాక్టరు సరేనన్నాక కూడా ఒక్కసారిగా పోరులోకి దిగకు. మొదట నడక, తరువాత తేలికపాటి కసరత్తు, ఆ తరువాత ఉచికోమి, అంటే ఎదుటివారిని విసరకుండా పట్టులోకి వెళ్ళడాన్ని మాత్రమే మళ్ళీ మళ్ళీ చేసే సాధన, అన్నిటికీ చివర రండోరి. పోటీ రేపే అయినా సరే. ఈ ఒక్క విషయంలో నాకు మాట ఇవ్వాలి, ఇవ్వకపోతే మీ నాన్న పక్షాన నేనే నిలబడతాను.

కనుక నువ్వు ఏ గురువు దగ్గరికి వెళ్ళినా, "తలకు దెబ్బ తగిలిన విద్యార్థిని మీరు ఎప్పుడు ఆపుతారు, మళ్ళీ ఎప్పుడు రానిస్తారు?" అని అడుగు. జవాబు వెంటనే, వివరంగా వస్తే అక్కడ చేరు. "మా దగ్గర అలాంటివి జరగవు" అంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యి.

ఆడపిల్లవు కనుక ఇంకొక మాట, దీన్ని సంకోచం లేకుండానే రాస్తున్నాను. జూడోలో పట్టుకోవడం, నేల మీద అదిమి పట్టడం విద్యలో భాగమే, అందులో సిగ్గుపడవలసింది లేదు. కాని పట్టుకు అవసరమైన స్పర్శ ఏదో, కానిది ఏదో నీ ఒంటికి తెలుస్తుంది. ఫలానావారితో సాధన చెయ్యనని చెప్పే హక్కు నీకు ఉంది, కారణం చెప్పాల్సిన పని కూడా లేదు. బట్టలు మార్చుకోవడానికి ఆడపిల్లలకు వేరే గది లేని చోట, ఇక చాలని మ్యాట్‌ను రెండుసార్లు తట్టినా పట్టు వదలని చోట, తలుపులు మూసి విడిగా నేర్పుతాననే చోట ఒక్క పూట కూడా ఉండకు.

బరువు సంగతిలోనూ గట్టిగా ఉండు. ఆడవాళ్ళ పోటీల్లో 48 కిలోలు, 52 కిలోలు, 57 కిలోలు అంటూ విభాగాలుంటాయి. నువ్వు 51 ఉంటే, నీళ్ళు మానేసి 48కి దిగమని చెప్పేవాళ్ళు తప్పకుండా ఎదురవుతారు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు దక్షిణ కొరియాకు చెందిన ఒక జూడో క్రీడాకారుడు బరువు తగ్గించుకునే ప్రయత్నంలో ఆవిరి గదిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. నువ్వు 52లోనే ఆడు, కడుపునిండా తిని ఆడు.

ఇంత భయపెట్టాక సాధన గురించి కూడా చెప్పకపోతే నా మనసు ఒప్పదు. మొదటి నెలలన్నీ పడటంతోనే సరిపోతాయి, నీకంటే చిన్నపిల్లలు నిన్ను విసిరేస్తారు, అప్పుడు ఏడుపు వస్తుంది. ఏడ్చినా సరే, మరునాడు వెళ్ళు. వారానికి మూడు రోజులు క్రమం తప్పకుండా వెళ్ళేవాళ్ళకు పట్టుబడినంతగా, ఒక వారం రోజూ వెళ్ళి రెండు వారాలు మానేసేవాళ్ళకు ఈ విద్య పట్టుబడదు. ఉచికోమిలో ఒకే పట్టు ప్రవేశాన్ని వందలసార్లు చేయిస్తారు, అది విసుగనిపించే రోజు తప్పకుండా వస్తుంది. ఆ రోజు లెక్క మీద కాక ఎడమచేతి లాగుడు మీద ధ్యాస పెట్టి చెయ్యి, చేతిలో తేడా తెలుస్తుంది. రండోరిలో చేతులు కర్రల్లా బిగించి నిలబడకు; పడకుండా నెట్టుకు రావచ్చు గాని, ఏమీ నేర్చుకోవు. 2022లో సరాయెవోలో మణిపూర్ అమ్మాయి లింతోయ్ చనంబం ప్రపంచ క్యాడెట్, అంటే పద్దెనిమిదేళ్ళ లోపువారి, ఛాంపియన్ అయినప్పుడు, జూడోలో ఏ వయసు ప్రపంచ పోటీల్లోనైనా మన దేశానికి అదే మొదటి పతకం అని విని నా కళ్ళు చెమర్చాయి. నువ్వు పతకం తేవాలని నేను కోరను. నిన్ను పడేసినవాళ్ళకు వంగి నమస్కరించి, మళ్ళీ పట్టు పట్టుకునే మనిషివైతే నాకు చాలు.

మీ పెద్దమ్మ సున్నుండలు చేసి పెట్టింది, సాధన అయ్యాక తినమని మరీ మరీ చెప్పమంది. మూడు నాలుగు చోట్లు చూసి, ఎక్కడ ఏమి చూశావో, నా ప్రశ్నకు ఎవరు ఏమని జవాబిచ్చారో వివరంగా రాయి. నీకు నచ్చిన చోటేదో తేల్చుకున్నాక, ఫీజు కట్టే ముందు నాకు ఫోను చెయ్యి. నేను వచ్చి ఆ గురువుగారిని ఒకసారి కలుస్తాను. మొదటి జూడోగి నేనే కొనిపెడతాను, అంతవరకు నువ్వు కొనకు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న