నాపరాయి పొరలు బరువుకు పడినవి కావు

నాపరాయి అంత చదునుగా, పొరలు పొరలుగా ఎలా వస్తుంది, గండికోట లోయలో కనిపించే పొరలూ ఇవీ ఒకటేనా అని అడిగారు. మాది కడప జిల్లా ఎర్రగుంట్ల వైపు పల్లె. మా నాయన, చిన్నాయన నాపరాళ్ల గనుల్లో పనిచేసినవాళ్లే. సెలవుల్లో నేనూ వాళ్లతో పోయేవాణ్ని. తర్వాత డిగ్రీలో జియాలజీ తీసుకున్నాను.

పైనున్న బరువుకు నలిగి ఇలా పొరలు పడ్డాయని చాలామంది చెప్తుంటారు. నాపరాయి విషయంలో అది సగం మాటే. బరువు చేసేది ఏమిటంటే బురదలోని నీళ్లు పిండేసి గట్టిపరచడం. పొర మాత్రం అంతకుముందే, ఆ బురద నీటి అడుగున దిగేటప్పుడే ఏర్పడింది.

ఇది నమ్మకం కుదరాలంటే వాన వెలిశాక మీ ఊరి వంకలోకి దిగండి. వంక జోరుగా పారేటప్పుడు గులకరాళ్లు కూడా దొర్లుకుంటూ పోతాయి. జోరు తగ్గేకొద్దీ ముందు గులకలు ఆగుతాయి, తర్వాత ముతక ఇసుక, ఆపైన సన్న ఇసుక. బురద అంత తొందరగా దిగదు, నీళ్లు కదలకుండా నిలిచిన మడుగు కావాలి దానికి. నాలుగు ఎండలు కాస్తే అది నెర్రెలిచ్చి అంచులు పైకి లేస్తాయి. మళ్లీ వంక పారితే దాని మీద కొత్త ఇసుక మేట. చెలిమ తవ్వినప్పుడు నీళ్ల కోసమే చూస్తాం గానీ, ఒకసారి దాని గోడ చూడండి. ఏ వరదకు ఏం వచ్చిందో వరసగా ఉంటుంది, పాతది అడుగున, కొత్తది పైన.

ఆ ఇసుకకు పుట్టిల్లు గ్రానైటు లాంటి రాళ్లు. అనంతపురం వైపు గుట్టల్లో ఎక్కువగా ఉండేవి అవే. ఎండకూ వానకూ రాయి శిథిలమైతే అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం బంకమన్నుగా మారిపోతుంది. క్వార్ట్జ్ అనే ఇంకో ఖనిజం మాత్రం మొండిది. ఎంత దూరం కొట్టుకుపోయినా మూలలు అరుగుతాయే గానీ అంత సులభంగా పోదు. ఇసుకగా మిగిలేది ఎక్కువగా అదే.

గండికోట రాయి అలాంటి ఇసుకే. రేణువుల మధ్య సిలికా (క్వార్ట్జ్‌లో ఉండే పదార్థమే) చేరి అతికించడంతో క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి అయింది. కొన్ని బండల మీద అలల గీతలు కూడా కనిపిస్తాయి, ఒకప్పుడు నీళ్లు ఆ ఇసుక మీద ఆడిన గుర్తు. పెన్న ఆ లోయను కోసింది చాలా తర్వాత. లోయ వయసు వేరు, పొరల వయసు వేరు.

నాపరాయి పుట్టుక అలా కాదు. అది సున్నపురాయి. లోతు తక్కువ సముద్రంలో, నీళ్లలో కరిగి ఉన్న సున్నం అతి సన్నని బురదగా అడుగున పేరుకుంది. మధ్యమధ్యలో నేలవైపు నుంచి కాస్త బంకమన్ను వచ్చి పల్చగా పరుచుకునేది. ఆ పల్చని మన్నే మా గనులకు అన్నం పెట్టింది. చుట్టూ మన్ను తీసి, ఉలితో అంచు వెతికి, గడ్డపార మొన దూర్చి ఎత్తితే బండ మొత్తం లేచి వస్తుంది. లేచిన బండ అడుగున అరచేయి పెట్టి రుద్దితే బూడిదరంగు పొడి అంటుకుంటుంది, అదే ఆ మన్ను. బండ లేపాక చిన్నాయన సుత్తితో ఒకసారి తట్టేవాడు. ఖంగుమంటే మంచి బండ, బొదబొదమంటే లోపల ఇంకో చీలిక ఉన్నట్టు.

ఇంట్లోనే తేడా చూడాలంటే నాపరాయి ముక్కను గీకి ఆ పొడి మీద నిమ్మరసం వేయండి, సన్నగా నురగ వస్తుంది. గండికోట రాయి మీద ఏమీ రాదు. వంటింటి గట్టు మీద నిమ్మకాయ పిండిన చోట పాలిష్ పోయి మచ్చ పడేది అందుకే. (పాలిష్ ఫ్యాక్టరీవాళ్లు ఈ ముక్క ముందే చెప్పరు.)

మరి చదును సంగతి. నిలకడైన నీళ్లలో దిగింది కాబట్టి సమంగా దిగింది, అది ఒక కారణం. రెండోది, ఆ తర్వాత ఈ వైపు భూమి పెద్దగా కదల్లేదు. తూర్పున నల్లమల వైపు పోతే పొరలు వంగి మడతలు పడ్డాయి, అలాంటి చోట ఇంత చదును బండలు దొరకవు. ఎర్రగుంట్ల, బేతంచెర్ల వైపు నాపరాళ్ల వ్యాపారం నిలబడింది పొరలు కుదురుగా పడుకుని ఉన్నందుకే.

కడప బేసిన్ అనే పెద్ద పల్లం నిండడం సుమారు 190 కోట్ల ఏళ్ల కిందటే మొదలైంది. భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1872లోనే ఈ రాళ్లను కడప, కర్నూలు అని రెండుగా విడదీసి రాశాడు. గండికోట రాయి కడప వరసలోది, నాపరాయి దాని తర్వాత పడిన కర్నూలు వరసలోది. ఈ రెండు వరసలకూ మధ్య పేరుకోవడం చాలాకాలం ఆగిపోయింది, కింది పొరలు కోతకు కూడా గురయ్యాయి. కాబట్టి మీ రెండో ప్రశ్నకు జవాబు, ఒకటే కాదు.

నాపరాయి జాతి సున్నపురాయిని లోపలి నుంచి చూడాలనుంటే బెలుం గుహలకు పోండి. వాననీరు పగుళ్ల వెంట దిగి ఆ రాతినే కరిగించి తొలిచిన గుహలవి. గోడల మీద పొరలు వరస తప్పకుండా కనిపిస్తాయి. లోపల ఉక్క ఎక్కువ, మంచినీళ్ల బాటిల్ పట్టుకుపోండి.