చైన్ ఊడినవాడి కోసం ఆగాలా?

తమ్ముడూ, మైపాడు రోడ్డులో నీ సైకిల్ చైన్ ఊడితే నీతో తొక్కే మీవాళ్లు ఆగలేదనీ, పైగా "కాంటడార్ ఆగాడా?" అని ఎదురడిగారనీ రాశావు. 2010 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెంలో ప్రత్యర్థి ఆండీ ష్లెక్ చైన్ జారితే కాంటడార్ దూసుకుపోయి అతని మీద 39 సెకన్లు లాభపడ్డాడు, నిజమే. కానీ ఆ రాత్రే వీడియోలో క్షమాపణ చెప్పుకున్నాడు. అది కూడా చెప్పు వాళ్లకి.

నాకు సైక్లిస్టు వింగెగార్డ్ అంటే ప్రాణం. 2022లో అదే పందెంలో, స్పాండెల్ కొండ దిగుడులో ప్రధాన ప్రత్యర్థి పొగాచార్ పడిపోతే, మొత్తం మీద ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ ఒంటి మీదుండి కూడా వెనక్కి చూసుకుంటూ నెమ్మదించాడు. పొగాచార్ వచ్చి చెయ్యి కలిపాడు. తర్వాత ఓటాకామ్ కొండ ఎక్కుడులో వింగెగార్డే అతన్ని వెనక్కి నెట్టి గెలిచాడు!

బయల్దేరేముందే మాట అనుకోండి. పంక్చరైనా చైన్ ఊడినా ఒకరు తోడుండాలి, మిగతావాళ్లు ముందు నీడలో ఆగాలి. పోటీ చివరి ఐదు కిలోమీటర్లలోనే, అక్కడ ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. ఎవరైనా కిందపడితే మాత్రం ఎక్కడైనా సరే, అందరూ ఆగాల్సిందే. గుంతని ముందున్నవాడు చేత్తో చూపించాలి, వెనక లారీ వస్తుంటే చివరివాడు కేకెయ్యాలి.

పెడల్ దగ్గరి పళ్లచక్రం మీంచి చైన్ లోపలివైపు జారితే కంగారుగా దిగొద్దు. పెడల్ దగ్గరి గేరుని పెద్ద పళ్లచక్రానికి మార్చి మెల్లగా తొక్కు, చాలాసార్లు దానంతటదే ఎక్కేస్తుంది.