కూలెంట్ మార్చాక బండి వేడెక్కుతోందా? గాలి వదిలించండి

కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మార్చిన మర్నాడే బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో మీ మోటార్‌హోమ్ (పడకలున్న ఇల్లులాంటి బండి) టెంపరేచర్ ముల్లు పైకెక్కిందనీ, హీటర్ వేస్తే చల్లగాలే వస్తోందనీ రాశారు. ఆ రెండో ముక్కతోనే గుట్టు తెలిసిపోయిందండి: కూలెంట్ లైన్లో గాలి చిక్కుకుంది, అందుకే వేడి కూలెంట్ హీటర్ దాకా చేరట్లేదు. థర్మోస్టాట్ (కూలెంట్ వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వ్) జోలికి ఇప్పుడే పోకండి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ముందు చక్రాలు ఎత్తులో ఉండేలా నిలిపి, రేడియేటర్ మూత తీసి, హీటర్ ఫుల్ హాట్‌లో పెట్టి స్టార్ట్ చేయండి. ఫ్యాన్‌కు దూరంగా ఉంటూ రేడియేటర్ పై హోస్‌ను (రబ్బరు గొట్టాన్ని) నొక్కి వదులుతుంటే గుడగుడమని బుడగలొస్తాయి. మీ బండిలో హీటర్ పైపు వెనక పడక దాకా ఉందన్నారు కాబట్టి ఓపిక పట్టాలి. కూలెంట్ మట్టం దిగినకొద్దీ పోస్తూ, బుడగలు ఆగాక మూత బిగించండి.

కూలెంట్ కాన్సెంట్రేట్ (నీళ్లు కలపని చిక్కటిది) అయితే డిస్టిల్డ్ వాటర్ సగానికి సగం కలపండి. మన బెంగళూరు బోరు నీళ్లు మాత్రం వద్దు, లోపల తెల్లటి పొర కడుతుంది. పాత కూలెంట్ తియ్యటి విషం, వీధికుక్కలు నాకకుండా క్యాన్‌లో మూసిపెట్టండి.